నరం దొరకని చేతుల లెక్క: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారం.

గోదావరి డెల్టాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇరవై ఏడేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. అందులో ఎక్కువ కాలం హెచ్‌ఐవీ పరీక్ష గదిలోనే గడిచింది. ఒక చేతిని గురించి చెప్పడానికి, సూదితో మత్తు ఎక్కించుకునేవారిలో హెచ్‌ఐవీ ఎంత ఉందో మా డెల్టాలో విడిగా లెక్క కట్టమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మే నెల. గదిలో ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లంతా చెమటలు పట్టే ఉక్కపోత. ఇరవై రెండేళ్ల కుర్రాడు మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో వచ్చాడు. చెయ్యి చాపమంటే కాసేపు తటపటాయించి చొక్కా పైకి జరిపాడు. రబ్బరు పట్టీ కట్టి మోచేతి మడతలో వేలితో వెతికితే నరం ఎండిన తాడులా తగిలింది. సూది దిగింది గాని రక్తం రాలేదు. రెండో చెయ్యి చూడబోతుంటే, "అక్కడా రాదు మేడమ్, ఇదిగో, ఈ బొటనవేలి పక్కన చూడండి" అన్నాడు. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన రోగులు అలా నరం చూపిస్తారు. ఇతనికి అంతకు ముందు ఏ జబ్బూ లేదు.

మూడు పరీక్షల్లోనూ పాజిటివ్ వచ్చింది. కౌన్సెలర్ నింపే ఫారంలో ఎలా సోకి ఉండవచ్చో రాసే గడి ఒకటి ఉంటుంది. తాను ఆడవాళ్ల దగ్గరికి వెళ్లేవాడినని అతను చెప్పాడు. ఆమె అదే రాసింది. ఆమె తప్పేమీ లేదు, చెప్పినదే రాయాలి. మా ప్రాంతంలో ఒక కుర్రాడు ముఖం చాటేసుకునే ఆ మాటను తనంతట తానే చెప్పాడంటే, దాని వెనక దాచిన సంగతి అంతకన్నా భయపెట్టేదని అర్థం. సూది మాట ఎత్తితే పోలీసులు ఇంటికి వస్తారని అతని భయం. నా కళ్లతో చూసిన ఆ చేతిని రాయడానికి నా రిజిస్టర్‌లో గడి లేదు. సాయంత్రం లెక్క పంపేటప్పుడు అతను లైంగిక సంబంధం వల్ల సోకినవారి వరసలో చేరిపోయాడు. ఈ రోజుకీ అక్కడే ఉన్నాడు.

ఆ తరవాతి ఏళ్లలో అలాంటి చేతులు మరికొన్ని చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అయితే అవి ఒక్క గదిలో, ఒక్క మనిషి కంటపడినవి. పరీక్షకు తమంతట తాము నడిచి వచ్చినవారివి. మా కుర్రాళ్లంతా మత్తులో మునిగిపోయారని నేను అనడం లేదు. అలా అంటే అది మరో అన్యాయం. ఎంతమంది ఉన్నారో, వారిలో ఎంతమందికి వైరస్ సోకిందో మా డెల్టాలో పనిచేసే డాక్టరుకు గాని, కౌన్సెలర్‌కు గాని చెప్పే అంకె నా ఉద్యోగం మొత్తంలో ఒక్కసారి కూడా నా బల్ల మీదకు రాలేదని మాత్రమే అంటున్నాను.

దేశం మొత్తానికి అంకె ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) రెండేళ్లకోసారి ఎంచుకున్న వర్గాల రక్తం పరీక్షించి జరిపే సెంటినెల్ సర్వేలో సూదితో మత్తు ఎక్కించుకునేవారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు 2017లో 6.26 శాతం. 2021కి అది 9.03 శాతం అయింది. అదే 2021లో గర్భిణుల్లో 0.22 శాతం. పరీక్షించిన వర్గాలన్నిటిలోనూ సూది వాడేవారిదే పెద్ద అంకె. ఎయిమ్స్ వైద్యులు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం చేసిన సర్వే 2019లో వెలువడింది. సూదితో మత్తు తీసుకునేవారు దేశంలో ఎనిమిదిన్నర లక్షల మంది ఉంటారని అది అంచనా కట్టింది. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాలని అది చెప్పిన పేర్లలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఎక్కించుకునే సరుకులో హెరాయిన్ వాటా ఎంతో, నొప్పి తగ్గడానికి డాక్టర్లు రాసే మందుల వాటా కూడా అంతేనని ఆ సర్వే తేల్చింది. అంటే దీనికి దొంగ రవాణా అవసరం లేదు, మందుల చీటీ చాలు. మన దగ్గర మత్తు అనగానే గంజాయి ఒక్కటే గుర్తుకొస్తుంది. కళాశాల గోడల మీద, బస్టాండుల్లో, ర్యాలీల్లో గంజాయి మాటే. గంజాయి పీలిస్తే రక్తం ఒకరి నుంచి మరొకరికి చేరదు. ఒకే సిరంజిని నలుగురు వాడితే చేరుతుంది.

సెంటినెల్ సర్వే ఎలా జరుగుతుందో మీ అధికారులు చెప్పే ఉంటారు. అయినా పరీక్ష గదిలో కూర్చున్నదానిగా నేను చూసిన లోపం చెప్పాలి. సూది వాడేవారి కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల కేంద్రాల్లో మూడు నెలల పాటు వరసగా వచ్చినవారి నుంచి, ఒక్కో చోట 250 మంది దాకా, రక్తపు చుక్కలు వడపోత కాగితం మీద తీసి, ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. కాగితం మీద పేరు ఉండదు. మంచి పద్ధతి. ఇన్నేళ్లుగా దేశం నడిచింది దీని మీదే. అయితే ఇది ఆ కేంద్రంలో పేరు నమోదైనవారిని కొలుస్తుంది. నిరుడు మొదలుపెట్టిన కుర్రాడు అక్కడికి రాడు. తనను తాను అలాంటివాడిగా ఒప్పుకోవడానికే అతనికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కేంద్రమే లేని మండలంలో 250 మాట అటుంచి, ఒక్క చుక్క కూడా కాగితం మీద పడదు.

ఇంకో సంగతి. మొత్తం శాతం పెరిగిందంటే కొత్తగా సోకుతోందనే అనుకోవలసిన పని లేదు. 2004 నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నాం, రోగులు బతుకుతున్నారు, అందువల్ల కూడా శాతం నిలిచి ఉంటుంది. కొత్తగా సోకడం తెలియాలంటే గడిచిన రెండు మూడేళ్లలో సూది మొదలుపెట్టినవారిని, ఇరవై అయిదేళ్ల లోపువారిని విడిగా చూడాలి. వారిలో పాజిటివ్ వచ్చిందంటే అది పాత కథ కాదు, నిన్నటిది. మా డెల్టాకు కావలసిన అంకె అదే.

మా దగ్గర లెక్క కట్టడం కొత్త కాదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో పెద్దవారిలో హెచ్‌ఐవీ 0.97 శాతం, దేశమంతటికీ 0.28. ఆ రోజుల్లో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఈ జబ్బు పేరు గుసగుసగా వినపడేది. ప్రతి గర్భిణికీ పరీక్ష చేశాం, హైవే మీద లారీ డ్రైవర్లను ఆపి చేశాం, వృత్తిలో ఉన్న స్త్రీలే సంఘాలుగా ఏర్పడి తోటివారిని వెంటబెట్టుకుని తీసుకువచ్చారు. తల్లికి ఉన్నా బిడ్డకు రాకుండా ఆపగలిగాం. ఆ బిడ్డల రిపోర్టు మీద నెగటివ్ అని రాసిన రోజులు నా ఉద్యోగంలో నాకు మిగిలిన సంతోషం. అప్పుడు ఎవరిని వెతకాలో తెలుసు, కాబట్టి వెతికాం.

లంకల్లో పుట్టినదాన్ని గనుక నాకు తెలిసిన పోలిక చెబుతాను. గోదావరి వరద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అయితే లంకల్లోని రైతు అంతవరకూ ఆగడు. భద్రాచలంలో 43 అడుగులన్న వార్త రేడియోలో రాగానే పశువులను గట్టు మీదకు తోలుకుపోతాడు. ఎగువన ఉన్న కొలత అతన్ని కాపాడుతుంది. సూది విషయంలో అలాంటి ఎగువ కొలత ఉంది: హెపటైటిస్ సీ. అది కూడా రక్తం ద్వారానే పాకుతుంది, ఒకే సిరంజి వాడేవారిలో హెచ్‌ఐవీ కన్నా సులువుగా, ముందుగా పాకుతుంది. ఒక ఊళ్లో పాతికేళ్ల లోపు కుర్రాళ్లలో హెపటైటిస్ సీ కనపడిందంటే అక్కడ సిరంజి చేతులు మారుతోందని అర్థం. ఇప్పుడు ఆ పరీక్ష ఒక చోట, ఈ పరీక్ష ఒక చోట. ఆ రెండు రిజిస్టర్లను ఎదురెదురుగా పెట్టి చూసేవారు నాకు కనపడలేదు. పైగా హెపటైటిస్ సీ నయమయ్యే జబ్బు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో ఉచితంగా పోతుంది. హెచ్‌ఐవీ పరీక్షకు రాని కుర్రాడు కూడా, "కాలేయం చూసుకుందాం, నయమయ్యే మందు ఉంది" అంటే వస్తాడు.

ఎగువ కొలతను చూడనప్పుడు ఏమవుతుందో అమెరికాలో జరిగింది. ఇండియానా రాష్ట్రంలోని స్కాట్ కౌంటీలో ఆస్టిన్ అనే చిన్న పట్టణం ఉంది. జనం నాలుగు వేల పైచిలుకు, మా పక్కన ఒక మోస్తరు పల్లె అంత. అంతకు ముందు ఆ కౌంటీలో హెచ్‌ఐవీ అరుదు. 2014 చివర మొదలై ఏడాది తిరగకుండానే 181 మందికి బయటపడింది. వారిలో అత్యధికులు ఒకే నొప్పిమందు మాత్రను కరిగించి సూదితో ఎక్కించుకున్నవారే. వారిలో పదికి తొమ్మిది మందికి పైగా హెపటైటిస్ సీ కూడా ఉంది. శుభ్రమైన సిరంజిలు ఇవ్వడానికి గవర్నర్ అనుమతి 2015 మార్చి చివర గాని రాలేదు. ఆ పట్టణంలో పేదరికం ఉంది, డాక్టర్లూ తక్కువే. అన్నిటికన్నా ముందు, ఎగువ కొలతను చూసేవారు తక్కువయ్యారు.

మంత్రివర్యా, లెక్క కట్టమని అడగడం తేలిక. లెక్కలోకి వచ్చేవాడి ధైర్యం గురించి కూడా మాట్లాడాలి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం జబ్బు పాకకుండా శుభ్రమైన సూదులు ఇవ్వడం, మత్తుకు బదులుగా వాడే ప్రత్యామ్నాయ మందు ఇవ్వడం నేరం కాదు. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి రక్షణ ఇస్తుంది. ఈ రెండు సంగతులూ ఎంతమంది స్టేషన్ ఆఫీసర్లకు తెలుసు? మందుల షాపుల మీద తనిఖీలు జరగాలి, కాదనను. చీటీ లేకుండా మత్తు ఇంజెక్షన్లు అమ్మేవారిని వదలకూడదు. కానీ అదే భయంతో షాపువాడు కుర్రాడికి సిరంజి కూడా అమ్మడం మానేస్తే, మందు మరో దారిలో దొరుకుతుంది, సిరంజి మాత్రం ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కటే నలుగురి చేతుల్లో తిరుగుతుంది. మీ శాఖ, హోం శాఖ కలిసి ఒక లిఖిత ఉత్తర్వు ఇవ్వాలి: సర్వేకు, చికిత్సకు వచ్చినవారి జాబితా ఏ కారణంతోనూ పోలీసులకు ఇవ్వకూడదు, కేంద్రాల గుమ్మం దగ్గర కాపు కాయకూడదు. ఆ ఉత్తర్వు తెలుగులో రాసి ప్రతి పరీక్ష గది గోడకూ అతికించాలి. అది లేకుండా ఎన్ని రక్తపు చుక్కలు తీసినా మా ఫారం గడిలో అబద్ధమే పడుతుంది.

ఇక జిల్లాలు. 2022 ఏప్రిల్‌లో ఉభయ గోదావరి జిల్లాలు విడిపోయాయి. కోనసీమ, కాకినాడ, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, ఏలూరు వేరువేరు అయ్యాయి. కొవ్వూరు, నిడదవోలు నది దాటి తూర్పుగోదావరిలో కలిశాయి. పాత జిల్లా పేరుతో ఉన్న అంకెను కొత్త జిల్లా అంకెతో పోల్చి పెరిగిందని గాని తగ్గిందని గాని చెబితే అది తప్పు లెక్క. పాత రికార్డులను మండలాల వారీగా విడదీసి కొత్త సరిహద్దుల ప్రకారం మళ్లీ కట్టించండి. ఇద్దరు గుమాస్తాలు, రెండు నెలలు చాలు.

తరవాతి సర్వే విడతకు ముందు డెల్టాలో సూది వాడేవారు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుసుకోవడానికి, ఒకప్పుడు తామూ ఆ దారిన నడిచి బయటపడినవారినే పనిలో పెట్టుకోండి. కుర్రాళ్లు వారితోనే మాట్లాడతారు, మాతో మాట్లాడరు. రొయ్యల చెరువుల కాపలా గుడిసెల దాకా, రేవుల దాకా వారే వెళ్లగలరు. జైళ్లను మరవకండి. సెంటినెల్ సర్వేలో ఖైదీలు కూడా ఒక వర్గమే గనుక రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో సూది చరిత్రను కూడా అడిగి రాయించండి. పరీక్ష కేంద్రాల రిజిస్టర్‌లో, పేరుతో సంబంధం లేకుండా, సూది గుర్తులు కనపడ్డాయా అన్న ఒక్క గడి చేర్చండి. ఫలితాలను ఆరు నెలలకోసారి ప్రకటించండి, అయితే పల్లెల వారీగా వద్దు. ఒక పల్లెలో ముగ్గురు అని పత్రికలో పడితే ఆ ముగ్గురెవరో సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటుంది. రెవెన్యూ డివిజన్ స్థాయిలో ప్రకటిస్తే చాలు.

లెక్కలోకి వచ్చినవాడికి ఇవ్వడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర సూదిని మాన్పిస్తుంది. కనీసం మొదట్లో దాన్ని సిబ్బంది ఎదుట రోజూ వేసుకోవాలి. కేంద్రం ఏటికి అవతల ఉంటే, పొద్దున్నే పంటు పడవ ఎక్కి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని, మాత్ర వేసుకుని తిరిగి వచ్చేసరికి కూలి పోతుంది. ఎవరైనా వారం వెళతారు, రెండో వారం మానేస్తారు. నేను చెప్పిన కుర్రాడు ఏఆర్‌టీ మందులకు ఒక నెల వచ్చి మానేశాడు. సూది ఆగకుండా ఆ మందులు క్రమంగా వేసుకోవడం ఎంత కష్టమో అప్పుడు మాలో ఎవరూ అతనితో కూర్చుని మాట్లాడలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అమలాపురం వైపు ఒకటి, నరసాపురం వైపు ఒకటి, పాయ దాటకుండా వెళ్లగలిగే దూరంలో ఆ మాత్ర దొరికే ఏర్పాటు చేయించండి.

తరవాతి సర్వేకు నమూనాలు తీసేవారు తక్కువైతే నన్ను పిలవండి. జీతం అక్కర్లేదు. గట్టిపడిన నరాల పక్కన దొరికే నరం ఎక్కడుంటుందో ఆ కుర్రాడు నాకు చూపించాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా