ఎస్టీపీలు కడుతున్నాం సరే, నడిపేవాళ్లేరీ?

సంపాదకుడి గారికి,

అయ్యా,

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, ఉంది. రెండొందల ఇళ్ల మురుగునీరు అందులోకే పోతుంది. శుద్ధి అయిన నీళ్లను ఫ్లష్ ట్యాంకులకు, మొక్కలకు వాడుకుంటాం. నిరుడు ఎండాకాలంలో కరెంటు బిల్లు చూసి బెదిరిపోయి, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్లు ఆపేయాలని కమిటీ తీర్మానించింది. దాని మీద నా సంతకమూ ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, మురుగును తినే బ్యాక్టీరియాకు గాలి ఆడాలన్న సంగతి ఆ పూట నాకూ తట్టలేదు. ఆపరేటర్ నల్గొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు, ఇంటర్ తప్పాడు. "అట్లనే సార్" అని స్విచ్ ఆపేశాడు.

వారం తిరక్కుండానే గోధుమరంగులో ఉండాల్సిన ట్యాంకు నల్లబడింది. వాసన మొదటి అంతస్తు దాకా ఎక్కింది. ఏజెన్సీ సూపర్‌వైజర్ వచ్చి కుర్రాణ్ణి నాలుగు తిట్టి, ఆవుపేడా బెల్లమూ తెప్పించి అందులో పోయించాడు. (నవ్వకండి, బ్యాక్టీరియాను మళ్లీ పెంచడానికి నిజంగానే వాడతారు. ఎంత వేయాలి, ఎన్నాళ్లు వేయాలి అన్నది మాత్రం ఆయనకూ తెలియదు.) నెలాఖరుకు మనిషిని మార్చేశారు. రెండేళ్లలో అతను నాలుగోవాడు. అతని స్థానంలో వచ్చినతను అంతకుముందు గేటు దగ్గర సెక్యూరిటీగా ఉండేవాడట.

ఆ కుర్రాణ్ణి ఏమని తప్పుపడతాం? మేం చెప్పింది పొరపాటని మా మొహం మీద చెప్పేంత చదువు అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇదేదో మా సెల్లార్ గొడవని వదిలేయడానికి లేదు. మూసీ ఒడ్డున అంబర్‌పేట ప్లాంటు ఒక్కదాని సామర్థ్యమే 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. 2021లో నగరానికి మరో 31 ఎస్టీపీలు మంజూరయ్యాయి. అన్నీ కలిపి రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్లు. వేల కోట్ల ఖర్చు. చాలావాటిలో ఒకే ట్యాంకులో నీరు నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, పైనీటిని వంచేయడం వంతులవారీగా జరుగుతాయి. మూడు షిఫ్టులు, ఒక రిలీవర్ చొప్పున లెక్కేసినా ఈ 31 ప్లాంట్లకే వంద మందికి పైగా ఆపరేటర్లు కావాలి. నాలాంటి అపార్ట్‌మెంట్లవాళ్ల సంగతి దీనికి అదనం.

ఇది మీట నొక్కి కూర్చునే పని కాదు. లీటరు గాజు సిలిండర్‌లో ట్యాంకు నీళ్లు పోసి అరగంట ఆగితే, బురద ఎంత దిగిందో చూసి ట్యాంకు ఆరోగ్యం చెప్పొచ్చు. నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉందా లేదా చూడాలి. తాగునీటి ప్లాంటులో అయితే ఇంకా జాగ్రత్త. గండిపేట చెరువులోకి కొత్త వాననీరు వచ్చిన రోజున నిన్నటి పటిక మోతాదు పనికిరాదు, మళ్లీ బీకర్లు పెట్టి పరీక్ష చేసుకోవాలి. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది.

ప్రాణాల మాట సరేసరి. మురుగు సంపులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు, అతన్ని లాగబోయి దూకిన రెండోవాడూ రాడు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. గ్యాస్ మీటర్ ఎలా చూడాలో, తాడు ఎవరు పట్టుకోవాలో నేర్పకుండా ఆ చట్టం కాగితం దాటదు.

కొత్త ఆపరేటర్‌కు ఆదివారాలు నేనే సిలిండర్ పరీక్ష నేర్పుతున్నాను. మొన్న అడిగాడు: "ఇది నేర్చుకుంటే సర్టిఫికెట్ ఏమన్నా ఇస్తరా సార్?" నా దగ్గర జవాబు లేదు. బాయిలర్ నడిపేవాడు పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ ఉంది. అమెరికాలో తాగునీటి ప్లాంటు ఆపరేటర్‌కు రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. మన ఊళ్లో కోట్ల లీటర్లు శుద్ధి చేసేవాడికి ఏమీ అక్కర్లేదు. స్కిల్ కౌన్సిళ్ల దగ్గర చిన్న కోర్సులు లేకపోలేదు, కానీ అవి చేసినా చేయకపోయినా జీతం ఒకటే అయినప్పుడు ఎవరు చేరతారు? గచ్చిబౌలిలోని ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజీ, ఆస్కీ లాంటి సంస్థల శిక్షణ ఎక్కువగా ఇంజినీర్లకూ అధికారులకూ. రాత్రి షిఫ్టులో పంపు పక్కన కూర్చునేవాడి దాకా అది రాదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తూ రోబోలు, త్రీడీ ప్రింటర్లు తెస్తున్నారు. సంతోషం. వాటి పక్కనే నీటి శుద్ధికి ఒక ఏడాది కోర్సు పెట్టండి. పదో తరగతి పాసైతే చాలు. ఆరు నెలలు తరగతి, ఆరు నెలలు అంబర్‌పేటలోనో నాగోలులోనో అసలు ప్లాంటులో స్టయిపెండ్‌తో పని. ఇప్పటికే ఈ పనిలో మగ్గుతున్నవాళ్లకు, ముఖ్యంగా మ్యాన్‌హోళ్లలోకి దిగిన కుటుంబాల పిల్లలకు, మొదటి సీట్లు ఇవ్వండి. నగర నీళ్లూ మురుగూ చూసే జలమండలి ఇకముందు పిలిచే నిర్వహణ టెండర్లలో ప్రతి షిఫ్టుకూ సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్ ఉండాలనీ, అతనికి నైపుణ్యం ఉన్న కార్మికుడి వేతనం ఇవ్వాలనీ ఒక షరతు చేర్చండి. అపార్ట్‌మెంట్లకూ అదే వర్తింపజేయండి. మెయింటెనెన్స్ ఛార్జీ కొంత పెరుగుతుంది. కమిటీ మీటింగులో ఈసారి ఆ పెంపు మీద మొదటి సంతకం నాదే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నిజాంపేట, హైదరాబాద్