మన సంఘం వార్షిక నివేదిక: కడుపుతో ఉన్నప్పుడు వచ్చే జ్వరం గురించి

సభ్యులందరికీ నమస్కారం. కాలువ పూడిక తీయించడం, వీధి దీపాలు, గంగజాతర రోజుల్లో మజ్జిగ పంచడం ఈ ఏడాది కూడా జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోండి. నేను రాయాలనుకున్నది మాత్రం ఇంకో పని గురించి.

పోయినేడు మన వీధిలో ఒక అబ్బాయికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు) అని తేలింది. కొడుకు జబ్బుతోనే సతమతమవుతున్న ఆ తల్లిని "వీడు కడుపులో ఉండగా జ్వరం తెచ్చుకుంది, గ్రహణం నాడు బయట తిరిగింది" అంటూ చుట్టాలు మాటలతో పొడిచారు. గ్రహణం సంగతి వదిలేయండి, జ్వరం మాటలో ఏమైనా నిజముందా అని ఆమె మన కమిటీని అడిగింది. అందుకే ఒక మానసిక వైద్యుడిని, ఒక గైనకాలజిస్టును పిలిపించి రెండు ఆదివారాలు మాట్లాడించాం.

వాళ్లు చెప్పిందాంట్లో నాకు బాగా పట్టుకున్నది ఇది. 1957లో ప్రపంచమంతా ఫ్లూ వచ్చింది కదా, అప్పుడు ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో నాలుగు నుంచి ఆరో నెల గర్భంలో ఉన్న పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా కాస్త ఎక్కువగా కనిపించిందని 1988లో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత అలాంటి అధ్యయనాలు చేసినవాళ్లలో కొందరికి అదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. ఎలుకల మీద ప్రయోగాల్లో అయితే, అసలు వైరస్సే లేకుండా, వైరస్ వచ్చిందని ఒంటిని నమ్మించే పదార్థం కడుపుతో ఉన్న ఎలుకకు ఎక్కించినా దాని పిల్లల ప్రవర్తన మారిందట, తల్లి ఒంట్లో రోగంతో పోరాడేటప్పుడు పుట్టే ఐఎల్-6 అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటే ఆ మార్పులు చాలావరకు రాలేదని 2007లో తేలింది. అంటే సూక్ష్మజీవి ఒక్కటే కాదు, దాంతో పోరాడే తల్లి రోగనిరోధక శక్తి కూడా బిడ్డ మెదడును తాకొచ్చన్నమాట.

ఇది విని హాల్లో కూర్చున్న గర్భిణులకు టెన్షన్ పట్టుకుంది, నాకూ పట్టుకుంది. డాక్టర్లు వెంటనే చెప్పారు: జ్వరం వచ్చిన తల్లుల పిల్లల్లో దాదాపు అందరూ మామూలుగానే పెరుగుతారు, ఈ జబ్బుకు వంశపారంపర్యం, ఇంకా ఎన్నో కారణాలు కలవాలి. కాబట్టి ఒక తల్లిని చూపించి "నీ వల్లే" అనే హక్కు ఎవరికీ లేదు. ఈ మాట ఆ అబ్బాయి నాయనమ్మ కూడా వింది.

మన చేతిలో ఉన్నది ఏమిటంటే, మాత్ర వేసుకుంటే బిడ్డకు దెబ్బ అని భయపడి జ్వరాన్ని పళ్లబిగువున భరించకుండా డాక్టరు చెప్పిన పారాసిటమాల్ వేసుకోవడం, మూత్రంలో మంట ఉంటే సిగ్గుపడకుండా చూపించుకోవడం, ఫ్లూ టీకా గురించి అడగడం. అది గర్భంతో ఉన్నప్పుడు కూడా వేయించుకోవచ్చు. కడుపులో బిడ్డకు హాని చేసే రుబెల్లా అనే వైరస్ జబ్బుకు టీకా మాత్రం గర్భం రాకముందే వేయించుకోవాలి, అందుకే పెళ్లి కావాల్సిన ఆడపిల్లలకు కూడా చెప్పండి. డెంగీ సీజన్లో ఆశా కార్యకర్తతో కలిసి గర్భిణులున్న ఇళ్లన్నీ తిరిగి తొట్లు, డ్రమ్ముల్లో నీళ్లు పారబోయించాం. రెండు ఇళ్లల్లో తలుపే తీయలేదు, బాధేసింది.

ఇంట్లో ఎవరి మనసైనా బాగోకపోతే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. వచ్చే ఏడాది ఇళ్లకు తిరగడానికి ఇద్దరు ఆడవాళ్లు కావాలి. వీలున్నవాళ్లు సర్వసభ్య సమావేశంలోపు పేరు చెప్పండి.