మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి ఏటా రాస్తాను, మీరూ ఏటా వడల కోసం ఎదురుచూస్తూ వింటారు. ఈసారి మాత్రం కాస్త చెవి పెట్టండి, చెప్పుకోదగ్గది ఒకటి జరిగింది.

కిందటేడు ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అప్పటికే బెజవాడ ఎండ సంగతి మీకు తెలిసిందే. గుడి దగ్గర పచ్చడి పంచుతుంటే మన కోశాధికారి గారి మనవరాలు, రెండో తరగతి పిల్ల, నా చొక్కా లాగి "తాతగారూ, పచ్చడి మనకేనా, రోడ్డు మీద వెళ్లేవాళ్లకి ఇవ్వరా?" అంది. పచ్చడి కాదమ్మా, వాళ్లకి కావాల్సింది మంచినీళ్లు అన్నాను. "అయితే అవే ఇద్దాం" అంది, అంతే. నిజానికి ఆ ఏడు చలివేంద్రం వద్దనుకున్నాం. ప్రారంభం రోజు ఫొటో, పదో రోజుకి ఖాళీ కుండ, ఇదేగా మన చరిత్ర.

చిన్నపిల్ల మాట పట్టుకుని ఊరేగుతామా అని కమిటీలో ఒకరిద్దరు అన్నారు. అమెరికాలో అలెక్స్ స్కాట్ అనే పాప సంగతి చెప్పాను. ఏడాది నిండకముందే క్యాన్సర్ బయటపడింది, నాలుగేళ్ల వయసులో, 2000లో, తనలాంటి పిల్లల వైద్యం కోసమని ఇంటి ముందు నిమ్మరసం బల్ల పెట్టింది, ఒక్కరోజులో రెండువేల డాలర్లు దాటాయి. 2004లో ఎనిమిదేళ్లకి చనిపోయేనాటికి ఆమె పేరు మీద పోగైంది పది లక్షల డాలర్లు. ఇది విన్నాక ఎవరూ నోరెత్తలేదు.

పందిరి అనుమతి కోసం ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎన్నికల కోడ్ ఉంది, నాయకుల బొమ్మ ఉండకూడదన్నారు. మాకు బొమ్మ వద్దు బాబూ, నీడ కావాలి అన్నా కాగితం కదల్లేదు. చివరికి పచారీ కొట్టాయన తన అరుగు ఇచ్చారు. ఆయనకి, కుండలకి తడిగుడ్డ చుట్టి రోజూ మార్చిన ఇస్త్రీ బండి దంపతులకి, పెరుగు ఇచ్చిన రెండో వీధి అత్తగార్లకి, లీటరు మంచినీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలపాలని నేర్పిన రిటైర్డ్ నర్సమ్మ గారికి సంఘం రుణపడి ఉంది.

మొదటి రోజు ఎవరూ ఆగలేదు. నాకు చిన్నతనంగా అనిపించి లోపలికెళ్లి కూర్చున్నాను. పాప మాత్రం "వాళ్లకింకా దాహం వేయలేదు తాతగారూ, మలుపు దాకా వెళ్లి వెనక్కొస్తారు" అంది. రాలేదు. అప్పుడు గ్లాసు పట్టుకుని గట్టు దిగి "అన్నా, మజ్జిగ! అల్లం వేశాం!" అని కేకేసింది. ఒక ఆటో ఆగింది, వెనకాలే డెలివరీ కుర్రాడు. నాలుగో రోజుకి ఆటో స్టాండు వాళ్లే కరివేపాకు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. మే 13న పోలింగ్ రోజు మూడు పార్టీల వాళ్లూ తమ కండువాలు అవతల పెట్టేసి వచ్చి అదే కుండలో నీళ్లు తాగారు. రోహిణి కార్తె వెళ్లేదాకా ఒక్కరోజు కూడా కుండ ఎండలేదు, ఇది రాసి పెట్టుకోండి.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగింది. మన వీధులు బతికాయి గానీ సింగ్‌నగర్ మునిగింది, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పులిహోర పొట్లాలు కడుతుంటే పాప ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో "రేపు నీళ్లు తగ్గుతాయి" అని రాసింది. ఒక మేడ మీదాయన అది చదివి "ఎవరమ్మా ఈ వాతావరణ శాఖ?" అని పడీపడీ నవ్వాడు. మర్నాడు తగ్గలేదు. ఆ సంగతి చెబితే పాప కాసేపు ఆలోచించి "ఎల్లుండి" అని రాయడం మొదలెట్టింది.

ఇక అసలు మాట. వాట్సాప్‌లో చలివేంద్రానికి పేర్లిచ్చింది ఇరవై నాలుగు మంది, వచ్చింది నలుగురు, అందులో ఇద్దరికి ఓటు హక్కు కూడా లేదు. దండం బొమ్మలు పెట్టినవాళ్లు ఆ చేతులతో ఓ బిందె మోసి ఉంటే బాగుండేది. పేర్లు చదవను, మీకే తెలుసు.

లెక్కలు కోశాధికారి గారు ఆడిట్ చేయించారు, కాగితం నోటీసు బోర్డుకి అంటించాం, మిగులు కొద్దిగానే ఉంది. మూడో వీధి చందా ఇంకా రావాలి.

వినాయక చవితి, భోగి మంట మామూలుగానే జరిగాయి. భోగిపళ్లకి రేగిపళ్లు తక్కువపడ్డాయి, తప్పు నాది.

రెండు కుండలు బీటలు వారాయి, కొత్తవి కొనాలి. ఉగాది మర్నాటి నుంచి ఎవరు ఏ పూట ఉంటారో రాసే పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. పాప మొదటి పేజీ అంతా తన పేరే రాసుకుంది, మీరు రెండో పేజీ నుంచి రాయండి.