వార్షిక నివేదిక 2024: పండగలు, పార్కు పాసులు, కనబడని వాలంటీర్లు

సభ్యులందరికీ నమస్కారం. మన సంఘం జనరల్ బాడీ మీటింగ్‌కి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని బైలాస్‌లో (సంఘం నిబంధనల్లో) ఉంది, అందుకే ఇది. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫొటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది పార్కు పాసుల పని. అమెరికా సైన్యంలో చేసి వచ్చిన మనవాళ్లు ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే ఉన్నారు, వాళ్లలో కొందరికి మిలిటరీ లైఫ్‌టైమ్ పాస్ ఒకటుందనే తెలియదు. అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన అలెగ్జాండర్ లాఫ్‌గ్రెన్ 2021లో డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో చనిపోయాక ఆయన పేరుతోనే చట్టం వచ్చింది. 2022 నవంబరు 11 నుంచి వెటరన్లకూ (అంటే సైన్యంలో చేసి బయటికి వచ్చినవాళ్లకూ), సర్వీసులో ప్రాణం పోయినవాళ్ల కుటుంబాలకూ జీవితాంతం చెల్లే పాస్ ఉచితంగా ఇస్తున్నారు. నేషనల్ పార్కులు, అడవులు కలిపి రెండు వేలకు పైగా చోట్ల చెల్లుతుంది. కారు లెక్కన వసూలు చేసే చోట కారులో ఉన్నవాళ్లందరికీ, తలకింత అని తీసుకునే చోట పాస్ ఉన్నవాళ్లతో పాటు మరో ముగ్గురు పెద్దవాళ్లకు ఎంట్రీ ఫ్రీ. క్యాంపింగ్‌కీ, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మ్యూర్ వుడ్స్ అడవిలో పార్కింగ్ రిజర్వేషన్‌కీ మాత్రం డబ్బు కట్టాల్సిందే, దీని మీద నాతో వాదించి లాభం లేదు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల పాస్ పూర్తిగా వేరు, అందులో ముఖ్యంగా సర్వీసు వల్ల కనీసం 50 శాతం వైకల్యం వచ్చినవాళ్లకే అవకాశం.

పాస్ ఉచితమే గానీ కాగితాల దగ్గరే ప్రాణం పోతుంది. సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే డీడీ-214 కాగితం పట్టుకెళ్తే గేటు దగ్గర చాలదు, వెటరన్ ఐడీ కార్డు లాంటిది గానీ, డ్రైవింగ్ లైసెన్సు మీద వెటరన్ అన్న ముద్ర గానీ ఉండాలి. ఆ ముద్ర కోసం ముందు కౌంటీ వెటరన్స్ ఆఫీసులో ఫారం, తర్వాత లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు క్యూ. ఒక కౌంటీలో అయితే ఫోన్ ఎత్తే నాథుడే లేడు, వాయిస్‌మెయిల్ కూడా నిండిపోయింది.

2024లో నవంబరు 11న (వెటరన్స్ డే) ఎలాగూ అందరికీ ఎంట్రీ ఫ్రీ కాబట్టి పాస్ విలువ తెలియాలని ముందు శనివారమే యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్లాం. గేటు దగ్గర కారుకు 35 డాలర్లు తీసుకుంటారు, సైన్యంలో చేసి వచ్చిన మన కుర్రాడు లైసెన్సు చూపించగానే రేంజర్ పాస్ చేతిలో పెట్టి వెనక సంతకం పెట్టమంది. అదే కారులో 1971 యుద్ధంలో పనిచేసిన గుంటూరు పెద్దాయన ఉన్నారు. "మేమూ సైనికులమే కదా బాబూ, మాకివ్వరా?" అన్నారు. ఇవ్వరండీ, అమెరికా సైన్యంలో చేసినవాళ్లకే. కాకపోతే ఆయనకు గ్రీన్ కార్డు ఉంది, 62 దాటాయి, 80 డాలర్లకు సీనియర్ లైఫ్‌టైమ్ పాస్ వస్తుంది. అది అక్కడే తీసుకున్నారు, డబ్బు కొడుకుని ఇవ్వనివ్వలేదు. టన్నెల్ వ్యూ దగ్గర గాలికి విస్తరాకులు ఎగిరిపోతుంటే నిలబడే పులిహోర తిన్నాం.

ఆ పులిహోర కలిపిన ట్రెజరర్ గారి అత్తగారికి, రెండు వ్యాన్లు ఇచ్చిన సభ్యులకు, ఫారాలు నింపడంలో ఓపిగ్గా కూర్చున్న కాలేజీ పిల్లలకు, ఇల్లు మరిచి తిరిగిన మన అధ్యక్షురాలికి, హాలు అద్దె తగ్గించిన గుడివారికి, మైకు తెచ్చిన తమ్ముడికి పేరుపేరునా కృతజ్ఞతలు.

లెక్కలు ట్రెజరర్ గారు మీటింగ్‌లో చదువుతారు. కొద్దిగా మిగులే ఉంది.

ఇక ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో సగానికి పైగా యాత్ర రోజు తప్ప మళ్లీ కనబడలేదు, ఫొటోల్లో మాత్రం ముందు వరసలో ఉన్నారు. కౌంటీ ఆఫీసుకి పెద్దవాళ్లను తీసుకెళ్లే పని చివరికి ఇద్దరి మీదే పడింది. వచ్చే ఏడాది ఆ పని ఆఫీసులు తెరిచుండే రోజుల్లోనే చెయ్యాలి, కార్లున్నవాళ్లు కావాలి. మీటింగ్ అయ్యాక కాఫీ బల్ల దగ్గర కాగితం పెడతాను, పేరు రాసినవాళ్లు దయచేసి ఫోన్ కూడా ఎత్తండి.

ఇట్లు,
కార్యదర్శి