పంటు మీద ఉలిక్కిపాటు

ఒరే సత్తిబాబూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది. జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా, ఊడుపుల హడావిడి నీకు తెలియనిది కాదు. ఫోనులో చెప్పేద్దామనుకున్నాను గానీ, నువ్వు డ్యూటీ దిగేసరికి మాకిక్కడ అర్ధరాత్రి. నిద్రకళ్లతో చెప్పే సంగతి కాదిది. పెద్దమావయ్య కొడుకు ఈ రాత్రికే మస్కట్ బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది. కాలవలో నీళ్లు బాగానే వస్తున్నాయి. కొబ్బరికాయ ధర మాత్రం అడక్కు. మీ పెరట్లో పనసచెట్టు విరగ కాసింది, మీ అమ్మగారు మాకు రెండు కాయలు పంపారు. సోడాబండి శీను పెళ్లి కుదిరింది, ఎవరితోనో నువ్వే ఊహించుకో. అవును, ఆ అమ్మాయే!

ఇక అసలు సంగతి. మొన్న శనివారం అమ్ములుకి కళ్లజోడు చేయించడానికి నరసాపురం బయల్దేరాం. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. రెండు కార్లు, పదో పన్నెండో బైకులు, అరటి గెలలేసుకున్న ఆటో ఒకటి, మిగతాదంతా జనం. మా పక్కన ఒక ముసలమ్మగారు ములక్కాడల కట్ట ముందు పెట్టుకుని, దాని మీద చెయ్యేసి కునుకు తీస్తోంది. ఇంజను ఎంతకీ స్టార్ట్ అవ్వట్లేదు. "ఆయ్, అయిపోయిందండి, ఒక్క నిమిషం" అంటూనే సరంగు అరగంట చేశాడు.

సోమవారం పరీక్ష ఉందని అమ్ములు ఇంగ్లీషు గైడు తెచ్చుకుంది. "నాన్నా, 'ది బాయ్ స్టార్టెడ్ ఎట్ ద నాయిస్' అని ఉంది. చప్పుడు దగ్గర కుర్రాడు మొదలుపెట్టాడు అని అర్థం రాశారు. ఏం మొదలుపెట్టాడు?" అంది. ముందు వాక్యం చదివాను, తరవాతది చదివాను. వాడు ఏమీ మొదలుపెట్టలేదురా! స్టార్ట్ అంటే మొదలుపెట్టు అని మన మాస్టారు బెత్తం పుచ్చుకుని చెప్పించారే, అప్పట్నించీ ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

సరిగ్గా అప్పుడే ఇంజను ధడేల్మని ఒక్క పేలుడు పేలి, నల్లటి పొగ వదిలి, డగడగా అందుకుంది. ముసలమ్మగారు జానెడెత్తు ఎగిరిపడింది. కట్టకున్న అరటినార తెగి ములక్కాడలన్నీ చెక్కల మీద చెల్లాచెదరు. "ఓరి నీ ఇంజను మండిపోనూ" అని గుండె మీద చెయ్యేసుకుంది. అటు సరంగు "స్టార్టయిందండోయ్" అని కేక. అమ్ములు ఆవిడకేసే చూస్తోంది. మెల్లిగా నా చొక్కా లాగి, "నాన్నా, ఆ కుర్రాడు కూడా ఇలాగే ఉలిక్కిపడ్డాడేమో" అంది.

నా ఒళ్లు జలదరించిందిరా. నిజం.

ములక్కాడలు ఏరిచ్చి, రేవు దిగి, కళ్లజోడు షాపుకి కాకుండా ముందు పుస్తకాల షాపుకి తీసుకెళ్లాను. పెద్ద నిఘంటువు తీయించాను. అమ్ములు చెప్పిందే కరెక్టు. అంతేకాదు, ఆ మాటకి పాత అర్థమే గెంతడం, ఎగరడం అట. పాత ఇంగ్లీషులో స్టిర్టన్ అనేవారట. స్టార్టిల్ అంటే ఉలిక్కిపడేలా చేయడం కదా, అది దీనికి చుట్టమే. వేటగాళ్లు పొదలోంచి కుందేలుని లేపడాన్ని కూడా స్టార్ట్ చేయడమనే అంటారు. పందెంలో గీత మీంచి ఒక్క గెంతున బయటపడటమూ స్టార్టే. మొదలుపెట్టడం అనే అర్థం ఆ తరవాతెప్పుడో వచ్చి చేరింది. ఇంజనుకి ఈ మాటే ఎందుకు అతికిందో ఇప్పుడర్థమైంది. బిగిన్ ద ఇంజన్ అని ఎవరూ అనరు చూడు. ఆగున్నది ఒక్కసారి ఎగిరి లేవాలి, అదీ స్టార్ట్.

మనకేమో మూడింటికీ మూడు మాటలు. ఇంజను అందుకుంది, ముసలమ్మ ఉలిక్కిపడింది, పంటు బయల్దేరింది. వాళ్లకి మూడూ స్టార్టే! మన మొదలు అసలు కదలదు. కొబ్బరిచెట్టు మొదట్లో ఎరువెయ్యి అంటాం కదా, ఆ మొదలే ఈ మొదలూ. మనది నేలలో పాతుకునుంటుంది, వాళ్లది గెంతుతుంది. నిన్నటి నుంచి చెట్టు మొదట్లో పలుగు వేసినప్పుడల్లా ఇదే గుర్తొస్తోంది. ఇంకోటి చెప్పనా? అప్‌స్టార్ట్ అంటే నాలుగు డబ్బులు రాగానే ఎగిరిపడేవాడు. ఎగిరిపడటం! అదొక్కటీ రెండు భాషల్లోనూ ఒకటే గెంతు. మన రెండో బెంచీ జమీందారు గుర్తొచ్చాడా?

అమ్ములు ఇంకో తప్పు కూడా దిద్దుకుంది. 'ఇట్ స్టార్టెడ్ రెయినింగ్', 'ఇట్ స్టార్టెడ్ టు రెయిన్' రెండూ సరైనవే. కానీ 'స్టార్టింగ్ రెయినింగ్' అంటే రెండు ఇంగులు పక్కపక్కన పడి చెవికి బాగోదు, 'స్టార్టింగ్ టు రెయిన్' అనాలి. స్టార్టర్ల గురించి కూడా రాద్దామనుకున్నాను, మన మోటారు షెడ్డులో గోడకున్నదీ, పెళ్లిలో అన్నానికి ముందు పెట్టేదీ, రొట్టె పిండి పులియడానికి వాళ్లు దాచుకునే పాత పిండీ, పందెంలో తుపాకీ పేల్చే మనిషీ, అన్నీ స్టార్టర్లే. టైము లేదు.

రాత్రి పడుకున్నాక నాయనమ్మ గుర్తొచ్చిందిరా. 1996 నవంబరు తుఫాను తరవాత చాన్నాళ్లు పెరట్లో మట్ట రాలినా ఉలిక్కిపడి లేచి కూర్చునేది. "గాలి మొదలైందా?" అని అడిగేది. నేను పక్కలో పడుకుని, లేదు పడుకో అనేవాణ్ణి. ఆ రెండూ, ఆ ఉలికిపాటూ ఆ మొదలూ, ఒకే మాటలో ఎలా... నాకు సరిగ్గా చెప్పడం రావట్లేదు. నువ్వు కూడా ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నావు, నీకు తెలుస్తుంది.

బయట హారన్ కొడుతున్నారు. ఆత్రేయపురం పూతరేకులు పెట్టె పైభాగంలో సర్దించాను, నలిగితే పొడి చేసుకు తిను. మీ అమ్మగారి కళ్ల ఆపరేషన్ గురించి ఒక మాట చెప్పాలి, భయపడాల్సిందేమీ లేదు, వచ్చే వారం డాక్టరు గారు, ఇదిగో మావయ్య కొడుకు లోపలికే వచ్చేశాడు, ఫోను చేస్తాను.

నీ
రాంబాబు