కెంటకీ లెక్కలో మరో గడి కావాలి

సంపాదకులకు,

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏకు ఆటగాళ్లను తయారుచేయడంలో కెంటకీ యూనివర్సిటీకి సాటి లేదని, ఏ కాలేజీ నుంచి ఎందరు వెళ్లారో పట్టిక వేసి మరీ మీ క్రీడల పేజీలో రాశారు. నేను ఆ యూనివర్సిటీ ఉన్న లెక్సింగ్టన్‌లోనే ఉంటున్నాను. ఆట ఉన్న రోజు మా వీధిలో కుక్కపిల్లకు కూడా నీలం చొక్కా తొడుగుతారు. అయినా ‘తయారుచేయడం’ అన్న మాట నాకు మింగుడు పడలేదు.

ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010 మొదటి రౌండ్‌లోనే మావాళ్లు ఐదుగురు. 2012లో ఆంథనీ డేవిస్, మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్ మొదటి రెండు స్థానాలూ పట్టుకుపోయారు. కాదనను. కానీ ఎన్‌బీఏకు వెళ్లాలంటే హైస్కూలు అయ్యాక ఏడాది ఆగాలన్న నిబంధన 2006 డ్రాఫ్ట్ నుంచి ఉంది. జాన్ వాల్, డేవిస్ ఆ ఒక్క ఏడాదే ఇక్కడున్నారు. పక్వానికొచ్చిన కాయను నాలుగు రోజులు గడ్డిలో మాగేసి, తోట మాదే అంటే ఎలా?

మా కెంటకీకే ఆడిన డెవిన్ బుకర్‌ను చూడండి. 2014-15లో 38 మ్యాచ్‌లాడితే ఒక్కదానిలోనూ ఆట మొదలుపెట్టే ఐదుగురిలో లేడు. ఆటంతా ఎన్‌బీఏ జట్టు ఫీనిక్స్‌కు వెళ్లాక బయటపడింది.

డేవిడ్‌సన్ సంగతి వేరు. రెండు వేలమంది విద్యార్థులు కూడా లేని కాలేజీ. పెద్ద కాలేజీలు వద్దనుకున్న బక్కపలచటి స్టీఫెన్ కరీని మూడేళ్లు ఆడించింది. 2009లో ఏడో స్థానంలో ఎంపికయ్యాడు. మీ పట్టికలో ఇది ‘ఒకటి’గానే కనిపిస్తుంది.

ఈసారి పట్టిక వేసేటప్పుడు ఎవరు ఎన్నేళ్లు కాలేజీలో ఉన్నారో కూడా ఒక గడి కలపండి.

– ఒక పాఠకుడు, లెక్సింగ్టన్