అడిగితే మోరీకి కూడా అడగాలి

సంపాదకుడు గారికి,

మహబూబ్‌నగర్ రోడ్లకు, రవాణాకు రాష్ట్ర ప్రభుత్వం నిధులు పెంచాలని నగరం నుంచి వినతి వెళ్లినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. న్యాయమైన కోరికే. 2025లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది, పక్క ఊళ్లు కలిశాయి, బాగు చేయాల్సిన రోడ్డు పెరిగింది. 2021-26 కాలానికి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో నూటికి 60 రూపాయలు తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్న షరతు పెట్టారు. మనం బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ఖజానాకు పోతుంది. పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ కూడా అక్కడికే. ఆ బండ్లన్నీ తిరిగేది న్యూటౌన్‌లో, క్లాక్‌టవర్ దగ్గర, మెట్టుగడ్డ దారిలో. మన వాటా మనం అడుగుతున్నాం.

అయితే నిధులు అనగానే అందరి చూపూ పైన వేసే నల్లపొర మీదికే పోతుంది. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డుకు కిలోమీటరు పొడవున 40 మిల్లీమీటర్ల మందం వేయాలంటే 280 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి. తూకంలో దాదాపు 650 టన్నులు, అందులో డాంబరే 35 టన్నుల దాకా ఉంటుంది. 40ని 30కి తగ్గిస్తే 160 టన్నులు మిగులుతాయి. ఆ తేడా వేసిన రోజు కంటికి కనబడదు, రెండో వానాకాలంలో కనబడుతుంది. మిశ్రమం పరిచేటప్పుడు 140 డిగ్రీల వేడికి తగ్గకూడదు, రోలర్ పని 90 డిగ్రీలకు దిగకముందే అయిపోవాలి. టిప్పర్ మీద టార్పాలిన్ కప్పకుండా దూరం నుంచి తెస్తే దారిలోనే వేడి తగ్గిపోతుంది. చల్లారిన మిశ్రమాన్ని ఎంత తొక్కించినా కంకర మధ్య సందులు మూసుకోవు. వాటిలోకి నీళ్లు దిగి డాంబరును కంకర నుంచి ఊడగొడతాయి. ఇదంతా తెలిసిన ఇంజినీర్లు మన దగ్గర ఉన్నారు. థర్మామీటరు పట్టుకుని పని దగ్గర నిలబడేవాళ్లే తగ్గిపోయారు. ఫోన్లో ఫొటో పెడితే తనిఖీ అయిపోయిందనుకునే రోజులు వచ్చాయి.

నీళ్లు నిలిస్తే ఎంత మంచి రోడ్డయినా ఆగదు. మోరీ కట్టి దాన్ని ఎక్కడా కలపకపోతే అది తొట్టి అవుతుంది. పైపులైన్ కోసం తవ్విన కందకంలో మట్టిని 20 సెంటీమీటర్ల చొప్పున పోస్తూ, తడిపి, దిమ్మిస వేయాలి. ఒకేసారి నింపి పైన సిమెంటు పూస్తే మొదటి వానకే కుంగుతుంది. గుంత పూడ్చడానికీ పద్ధతి ఉంది: అంచులు నిలువుగా చదరంగా కోయాలి, దుమ్ము ఊడ్చాలి, డాంబర్ ఎమల్షన్ (నీళ్లతో కలిపి పలుచన చేసిన డాంబరు) పూయాలి, అప్పుడు వేడి మిశ్రమం వేసి తొక్కించాలి. మొరం పోసి పోతే రెండు రోజుల్లో బురద, ఎండితే దుమ్ము. మోరీకి, కందకాలు పూడ్చడానికి అంచనాలోనే విడిగా పద్దు పెట్టమని అడగాలి. లేకుంటే వచ్చిన డబ్బంతా మళ్లీ మళ్లీ అదే పైపొరకు పోతుంది.

సికింద్రాబాద్ నుంచి ఇక్కడిదాకా రైలుమార్గం డబుల్ లైన్ అయింది. రైళ్లు పెరిగేకొద్దీ గేటు పడే సార్లూ పెరుగుతాయి. గేటు తీసేసి అక్కడ వంతెన కట్టాలంటే రైల్వే వాటాతో పాటు రాష్ట్రం వాటా, భూసేకరణ సొమ్ము జమ కావాలి. అది జమ కాకపోతే ఫైలు కదలదు.

బస్సుల సంగతీ అంతే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్ ఇస్తున్నారు. మంచి పథకం, ఎక్కేవాళ్లు పెరిగారు. కానీ ఆ టికెట్ల సొమ్ము ఆర్టీసీకి తిరిగి ఇచ్చినా అది డీజిల్, జీతాలు, టైర్ల ఖర్చుకే. కొత్త బస్సు కొనడానికి వేరే నిధి ఇవ్వాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకి పోయే పిల్లలను చూసి కూడా ఈ మాట ఎవరూ గట్టిగా అడగరేం?

వేసిన ప్రతి రోడ్డు మొదట్లో ఒక బోర్డు పెట్టించండి. పొర మందం ఎంత, ఏ తేదీన వేశారు, కాంట్రాక్టర్ ఎవరు, ఎన్నేళ్ల వరకు సొంత ఖర్చుతో బాగు చేయాలి అన్నవి దాని మీద తెలుగులో ఉండాలి. గడువు తీరకముందే లేచిపోయిన రోడ్డుకు మళ్లీ మన పన్ను డబ్బుతో టెండరు పిలవకూడదు. ఇక మంజూరు ఉత్తర్వు మార్చిలో వస్తే టెండరు, అగ్రిమెంటు అయ్యేసరికి మృగశిర కార్తె వస్తుంది, పని వానల్లో పడుతుంది. దసరా తర్వాత పని మొదలు కావాలంటే ఉత్తర్వు ఆగస్టులోపే చేతికి రావాలి.

- ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్